గుండె కణానికి పోస్టింగు ఉత్తర్వు

నాకు ఉపమానాల జబ్బు ఉంది. ఏ విషయాన్నీ సూటిగా చెప్పి ఊరుకోలేను. రక్తం అంటే ఆర్టీసీ బస్సు అంటాను. కాలేయం అంటే రైసు మిల్లు అంటాను. ఆదివారం అనుబంధాలకు సైన్సు వ్యాసాలు రాయడంతో పట్టుకున్న జబ్బు ఇది. పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాయడంతో ముదిరింది. పప్పులో ఉప్పు తక్కువైందన్న ముక్క కూడా నేను తిన్నగా చెప్పలేనని మా ఆవిడ ఫిర్యాదు.

నా పేరు వేణుధరరావు. చదివింది మూల కణాల మీద, ఉద్యోగం ఒక ప్రభుత్వ జీవకణ పరిశోధనా కేంద్రంలో. కేంద్రం ఏ ఊళ్ళో ఉందో చెప్పను. చెబితే ఆడిట్ మళ్ళీ వస్తుంది. కోస్తాలో, హైవే పక్కన, రొయ్యల చెరువుల మధ్య ఒక పాత భవనం అనుకోండి, చాలు.

మూల కణం అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, ఈసారికి ఉపమానం లేకుండా. మనమంతా తల్లి కడుపులో ఒక్క కణంగా మొదలవుతాం. అది రెండై, నాలుగై, పెరిగి పెరిగి, అందులోంచే గుండె కణాలు, నరాల కణాలు, చర్మ కణాలు, ఎముక కణాలు వస్తాయి. వీటన్నిటి లోపలా ఉన్న సమాచారం ఒకటే. చుట్టుపక్కల నుంచి అందే రసాయన సంకేతాలను బట్టి ఏ కణంలో ఏ భాగం పనిచేయాలో తేలుతుంది. ఒకసారి గుండె కణం అయ్యాక అది మామూలుగా వెనక్కి రాదు. ఇంకా ఏమీ కాకుండా, ఏమైనా కాగలిగే స్థితిలో ఉన్నదే మూల కణం. దాన్ని ప్లేటులో పెంచి, సరైన మందు సరైన రోజున వేస్తే, పది పన్నెండు రోజుల్లో గుండె కణం అవుతుంది. అప్పుడు ఆ ప్లేటులో కణాలు వాటంతటవే లబ్ డబ్ అని కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మా ల్యాబులో ఆ పని చేసేది నస్రీన్. తెనాలి అమ్మాయి, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఒక కొత్త మందు గుండె కణాల మీద ఎలా పనిచేస్తుందన్నది ఆమె పరిశోధన. థీసిస్ ఒకసారి పరీక్షకుల దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చింది. అంతా బాగుంది, ఒక్క ప్రయోగం మాత్రం మళ్ళీ చేసి చూపమన్నారు. జూలై ఆఖరులోగా సవరించిన థీసిస్ ఇవ్వకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఐదేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. విశ్వవిద్యాలయం అప్పటికే గడువు పొడిగించి ఉంది. అయినా మాకు బెంగ లేదు. అప్పుడు ఏప్రిల్, పని మూడు వారాలది.

సరిగ్గా ఆ సమయంలో కోదండపాణి గారు వచ్చారు. ఆయన ఆడిటరు. కొన్న సరుకు కొన్నట్టు ఉందా లేదా అని చూసి, లేదని రాయడం ఆయన వృత్తి. కుర్చీలు, బీరువాలు, పనిచేయని ఫ్యాన్లు అన్నీ లెక్క చూసుకుని మా ల్యాబుకు వచ్చారు. స్టాకు పుస్తకంలో "మూల కణములు, ఒక సీసా, పది లక్షలు" అని ఉంది. ఇప్పుడెన్ని ఉన్నాయని అడిగారు. సుమారు నలభై కోట్లు ఉంటాయని నస్రీన్ చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో సరుకు తగ్గడమే చూశారట, పెరగడం చూడలేదట. తగ్గితే రాయడానికి మాటలు ఉన్నాయి, పెరిగితే ఏమని రాయాలో ఏ మాన్యువల్‌లోనూ లేదు. పెరిగిందంటే ఎక్కడో ఎవరి దగ్గరో తగ్గి ఉండాలి కదా, ఆ తగ్గిన ఆఫీసు ఏదో చెప్పమని నిలదీశారు. వాటంతటవే పెరిగాయండీ అంటే, ప్రభుత్వ ఆస్తి దానంతటది పెరగదని చెప్పారు. అనుభవం మీద చెప్పిన మాట గనుక నేను కాదనలేకపోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. నస్రీన్ ముచ్చటపడి ఆయన్ని సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టి, కొట్టుకుంటున్న గుండె కణాలు చూపించింది. ఇవీ ఆ మూల కణాలేనని చెప్పింది. ఆయన తల పైకెత్తారు. కొన్నది ఒకటి, ఉన్నది మరొకటి. ప్రభుత్వ ఆస్తి రూపం మార్చడానికి అనుమతి పత్రం ఏదని అడిగారు.

అదిగో, అప్పుడు నేను నోరు తెరిచాను.

"అయ్యా, మీరు వీటిని సరుకు అనుకోవడంతోనే చిక్కు వచ్చింది. కొత్తగా సర్వీసులో చేరిన కుర్రాళ్ళు అనుకోండి. చేరినప్పుడు అంతా ఒకటే. పైనుంచి ఉత్తర్వు రాగానే ఒకడు గుండెలో, ఒకడు మెదడులో, ఒకడు చర్మంలో డ్యూటీలో చేరతాడు. అంతే."

నా ఉపమానాల్లో దీనికి మించింది లేదని ఇప్పటికీ నా నమ్మకం. కోదండపాణి గారి ముఖం విచ్చుకుంది. "సరుకు మారకూడదు గానీ సిబ్బంది మారొచ్చు. ఆ మాట ముందే చెప్పాలి కదండీ" అని, స్టాకు పుస్తకంలో ఆ పద్దు కొట్టేసి, "సిబ్బంది విభాగమునకు బదిలీ" అని రాసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. గండం గట్టెక్కిందని నేను నా భుజం నేనే తట్టుకున్నాను. నా పక్కన నిలబడ్డ దక్షిణామూర్తి గారి కళ్ళలో మెరుపు నేను గమనించలేదు.

దక్షిణామూర్తి గారు మా పరిపాలనాధికారి. డైరెక్టరు పోస్టు ఎప్పటినుంచో ఖాళీ గనుక ఆ బాధ్యతలూ ఆయనవే. మంచివారు, నిబంధనలు కంఠస్థం. ఒక్కటే దిగులు, పరిపాలించడానికి మనుషులు లేరు. రిటైరైన వాళ్ళు రిటైరవుతున్నారు, కొత్తగా ఎవరినీ వేయడం లేదు. ఆఖరుకు ఆయన కింద మిగిలింది ముగ్గురు గుమాస్తాలు, అప్పలస్వామి అనే అటెండరు. అంత విద్వత్తు అంత చిన్న బృందం మీద ఖర్చు చేయాల్సి వచ్చేసరికి ఆయన లోలోపల కుమిలిపోతున్నారు. అలాంటి మనిషికి ఒక్క పూటలో నలభై కోట్ల సిబ్బంది వచ్చిపడ్డారు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "మూల కణములు సరుకు పద్దు నుండి సిబ్బంది పద్దునకు బదిలీ అయినందున, ఇకపై ఏ కణమైనను ముందస్తు అనుమతి లేనిదే గుండె, మెదడు, చర్మము మున్నగు ఏ హోదాలోనూ చేరరాదు. అనుమతి లేక మారిన కణములపైనను, మార్చిన వారిపైనను నిబంధనల మేరకు చర్య తీసుకొనబడును" అని. అనుమతులివ్వడానికి ఒక కమిటీ వేశారు. దాని పేరు కణ నియామక కమిటీ. అధ్యక్షుడిని నేను.

నవ్వి అవతల పడేయాల్సిన కాగితం అది. పడేద్దామనే ఆయన గదికి వెళ్ళాను. కమిటీ అధ్యక్షుడికి వేరే గది ఉంటుందని చెబుతూ ఆయన తలుపు తీశారు. పాత డైరెక్టరు గది. ఏసీ ఉంది, గంట ఉంది, కుర్చీ వీపు మీద తెల్లటి తువ్వాలు పరిచి ఉంది. బయట రోహిణికార్తె ముందే వచ్చినట్టు ఎండ కాస్తోంది. నేను అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచాను, అంతలో ఆయన ఏసీ వేశారు. ఒక్క వారం చూద్దాం అనుకుని కూర్చున్నాను.

మొదటి సమావేశంలోనే సీనియారిటీ సమస్య వచ్చింది. ఒక కణం విడిపోయి రెండైతే, ఏది సీనియరు? రెండూ పుట్టింది ఒకే క్షణం. మరి తల్లి కణం ఏమైందని దక్షిణామూర్తి గారు అడిగారు. తల్లి అంటూ విడిగా మిగలదు, అదే రెండయిందని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. తల్లి ఉద్యోగంలో ఉంటూ లేకుండా పోయింది గనుక ఇది సర్వీసులో ఉండగా మరణం కిందికి వస్తుందని తేల్చారు. అప్పుడు పిల్ల కణానికి కారుణ్య నియామకం ఇవ్వవచ్చు. కానీ కుటుంబానికి ఒక్కరికే ఇవ్వాలి. కాబట్టి రెండో పిల్ల కణం తనకు అభ్యంతరం లేదని రాసివ్వాలి.

రెండో కణం రాసివ్వలేదని నేను అన్నాను. ఆ మాటతో సమావేశం కాసేపు ఇరకాటంలో పడింది. దాన్ని ఇరకాటం నుంచి తప్పించింది కూడా నేనే. నిర్ణీత గడువులోగా అభ్యంతరం తెలపని పక్షంలో అభ్యంతరం లేనట్టే భావించాలని సూచించాను. దక్షిణామూర్తి గారు నన్ను కొత్తగా చూశారు. మీలో ఇంత పరిపాలనా దక్షత ఉందని తెలియదండీ అన్నారు. అంత పెద్ద పత్రికల్లో నా వ్యాసాలు వచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆ మాట మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను.

నస్రీన్ ప్లేట్లకు దరఖాస్తు పెట్టింది. ఆమెకు కావలసినవి గుండె కణాలు. మంజూరైన పోస్టులెన్నో తేలాలి గనుక దరఖాస్తు నెల రోజులు ఆగింది. ఈలోగా ప్లేటులో కణాలు పెరిగి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. మూల కణాల గుణం అది, ఇరుకైతే ఎవరూ చెప్పకుండానే తోచినట్టు మారిపోతాయి. కొన్ని నరాలయ్యాయి, కొన్ని పేగు కణాలయ్యాయి. అవి స్వయం పదోన్నతి పొందాయని కమిటీ తీవ్రంగా పరిగణించింది. ఆ ప్లేటు పారేసి కొత్తది మొదలుపెట్టాల్సి వచ్చింది. నస్రీన్ నా గదికి వచ్చి, ఇలా అయితే జూలైకి కాదు సార్ అని నెమ్మదిగా చెప్పింది. నేను ఆమెను కూర్చోమని కూడా అనలేదని తరవాత గుర్తొచ్చింది. మీ విషయం పరిశీలనలో ఉందని చెప్పాను. ఐదేళ్ళుగా ఆ పిల్లను "నువ్వు" అనేవాణ్ణి.

మే చివర్లో పోస్టులు మంజూరయ్యాయి. ఇక సంకేతం ఇవ్వాలి. సంకేతం అంటే ఒక చిన్న సీసాలో మందు. గడ్డకట్టే చలిలో ఉంచాలి, బయటికి తీస్తే గంటలోపు ప్లేటులో వేయాలి. మొదటి రోజు ఒకటి, మూడో రోజు దాన్ని ఆపే మందు ఇంకొకటి. రోజు తప్పితే గుండె రాదు. కానీ దక్షిణామూర్తి గారి దృష్టిలో మందు మందు కాదు, ఉత్తర్వు. పైనుంచి కిందికి రావాలి. అధ్యక్షుడి సంతకం, పరిపాలనాధికారి పరిశీలన, సిబ్బంది విభాగం నమోదు, డిస్పాచ్ నంబరు, ఆ తరవాతే ల్యాబు. సీసాను ఫైలుకు జతపరచాలి. ల్యాబులో ఉన్న మనిషి ల్యాబులో ఉన్న మందును ల్యాబులో ఉన్న కణానికి నేరుగా ఇవ్వడం క్రమశిక్షణా రాహిత్యం అని ఆయన వాదన. ఇందులో తప్పు పట్టడానికి నాకు వెంటనే ఏమీ తోచలేదు. అప్పటికి నేను ఆ గదిలో చేరి నెల దాటింది.

ఫైలు, సీసా నా బల్ల మీదికి శుక్రవారం వచ్చాయి. సంతకం పెట్టడమే తరువాయి. చదివితే, "గుండె కణములుగా చేరవలసినదిగా ఆదేశించడమైనది" అని ఉంది. ఆదేశించడమైనది బాగుందా, ఉత్తర్వు జారీ చేయడమైనది బాగుందా అని ఆలోచనలో పడ్డాను. నాకు భాష మీద పట్టింపు ఎక్కువ. ఇంతలో ఐదైంది. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. నేను వెళ్తూ వెళ్తూ పొదుపు కోసం ఏసీ ఆపాను. సోమవారం వచ్చి "ఉత్తర్వు" అని దిద్ది సంతకం చేశాను. అప్పలస్వామి ఆ సీసాను చొక్కా జేబులో వేసుకుని, ఎండలో మూడు భవనాలు తిరిగి, డిస్పాచ్ గుమాస్తా భోజనం నుంచి వచ్చేదాకా చెట్టుకింద కూర్చుని, సాయంత్రానికి ల్యాబులో ఇచ్చాడు. సీసా మీద గుండ్రటి ముద్ర కూడా పడింది.

ఆ మందుతో ఏమీ రాలేదు. సగం కణాలు చచ్చాయి, మిగతావి ఏమిటో చెప్పలేని ముద్దగా తయారయ్యాయి. నస్రీన్ ఆ ప్లేటు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సార్, ఇదే మందు మీరే నాకు నేర్పించారు. చేతిలో పట్టుకుంటే కూడా చెడిపోతుంది, పట్టకార్లతో పట్టుకో అనేవారు. మీ బల్ల మీద మూడు రోజులుందంట."

నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. ఆ సమయానికి తప్పు నాదేనమ్మా అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. కానీ సిగ్గుపడుతున్న మనిషి ముందు గంట ఉండకూడదు. గంట కొట్టి దక్షిణామూర్తి గారిని పిలిపించాను. ఉత్తర్వు అందినా విధుల్లో చేరనందుకు కణాలకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలని ఇద్దరం తీర్మానించాం. నోటీసును కణాలు పెంచే ఇంక్యుబేటర్ తలుపుకు అంటించారు. గడువులోగా జవాబు రాలేదు గనుక చెప్పుకోవడానికి వాటికేమీ లేదని రాసుకున్నాం. ఆ రాత మొత్తం నాది.

అప్పటికి జూన్ సగం దాటింది. నస్రీన్ ఇక గొడవ చేయలేదు. కొత్త ప్లేటుకు కొత్త దరఖాస్తు పెట్టింది, ఎర్ర ఫ్లాగులు, నంబర్లు అన్నీ సక్రమంగా ఉన్నాయి. సీసాను తనే జాగ్రత్తగా ఫైలుకు కట్టి పంపింది. ఎక్కడ ఎంతకాలం ఆగినా అడగలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేది. పిల్ల దారికొచ్చిందని మేమిద్దరం సంతోషించాం. కమిటీ తరఫున ఆమెకు ఒక ప్రశంసా పత్రం ఇద్దామా అని కూడా అనుకున్నాం. ఆ ఫైలు జూలై మూడో వారంలో నా దగ్గరికి చేరింది, ఈసారి వెంటనే సంతకం చేశాను. నా దగ్గర ఆలస్యం జరగలేదని అందరికీ చెప్పాను కూడా.

నా సంతకం పడిన మూడో రోజున ప్లేటులో గుండె కొట్టుకుంటోందని కబురు వచ్చింది. దక్షిణామూర్తి గారు కండువా వేసుకుని వచ్చారు. ఇంక్యుబేటర్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సూక్ష్మదర్శినిలోకి చూశారు. చూసి నిజంగా కదిలిపోయారు. ఉత్తర్వు అందిన వెంటనే సెలవు పెట్టకుండా, బదిలీ కోరకుండా, విధుల్లో చేరిన ఈ కణాలు రాష్ట్రంలోని ప్రతి ఉద్యోగికీ ఆదర్శమని ముగ్గురు గుమాస్తాలను ఉద్దేశించి ప్రసంగించారు. నేనూ వంగి చూశాను. ఎన్నాళ్ళకో చూశాను. ఆ చిన్న ముద్ద ముడుచుకుని విచ్చుకుంటోంది, మళ్ళీ ముడుచుకుని విచ్చుకుంటోంది. నా కళ్ళు చెమర్చాయి. చప్పట్లు కొట్టాను. కొడుతుండగానే ఎక్కడో మూల తుప్పుపట్టిన చదువు కదిలింది. గుండె కణం కావడానికి పది రోజులకు తక్కువ పట్టదు. మూడో రోజున ఎలా కొట్టుకుంటోంది?

అందరూ వెళ్ళాక నస్రీన్‌ను ఆ మాటే అడిగాను.

"ఫైలుతో తిరిగింది ఉప్పునీళ్ళు సార్. మందు ఫ్రిజ్‌లోనే ఉంది. వేయాల్సిన రోజున నేనే వేసేశాను" అంది. దాచే ప్రయత్నం లేదు, భయం లేదు. చెప్పడానికి ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నట్టు చెప్పింది.

అనుమతి లేకుండా కణాలను మార్చినవారిపై చర్య అన్న సర్క్యులర్‌ను అమలు చేసే కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే. థీసిస్‌లో మందు వేసిన తేదీలు ఉంటాయి. అవి నా ఉత్తర్వు కంటే రెండు వారాల ముందువి. ఉత్తర్వు తరవాతి తేదీలు వేయవచ్చు కదా అని, గొంతు తగ్గించి, అధ్యక్ష హోదాలో ఒక సలహా ఇచ్చాను. ఆమె నా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించను. ఏ పని ఏ రోజు జరిగితే ఆ తేదీయే వేయమని ఐదేళ్ళ కిందట నేను నేర్పిన పాఠాన్ని నాకే తిరిగి చెప్పకపోవడం ఆమె పెద్దమనసు. తేదీలు మార్చను సార్ అని మాత్రం అంది.

కొత్త ప్రయోగం చేర్చి, అచ్చు వేయించి, థీసిస్ తెచ్చేసరికి గడువు ఆఖరి రోజు వచ్చేసింది. ఇక కావలసింది ఒక్కటే, మొదటి పేజీలో గైడు ధ్రువపత్రం. ఏ థీసిస్‌కైనా ఉండేదే. ఈ పరిశోధన ఆద్యంతం నా పర్యవేక్షణలో జరిగిందని ధ్రువీకరిస్తున్నాను అన్న వాక్యం, కింద సంతకం. అది లేకపోతే విశ్వవిద్యాలయం పుస్తకాన్ని ముట్టుకోదు. మూడున్నరకు బస్సు దొరికితే ఐదు లోపు అక్కడ ఇవ్వగలదు.

ఆమె పేజీ తెరిచి నా ముందు పెట్టింది. సంతకం పెడితే, ఉత్తర్వుకు ముందే కణాలను మార్పించింది నేనేనని ఒప్పుకున్నట్టు. ఆ గది, ఆ ఏసీ, తువ్వాలు, పింఛనుకు ముందు ఒక మచ్చ, అన్నీ కళ్ళముందు తిరిగాయి. పెట్టకపోతే ఐదేళ్ళు ఈ బల్ల దగ్గరే ఆగిపోతాయి. అది నాకు అర్థమైంది. నేను అంత మూర్ఖుణ్ణి కాదు. కలం తీశాను. తీసిన కలం ఎటువెళ్ళిందో నాకు తెలియదు. చూసుకునేసరికి ఆ శుభ్రమైన పేజీ మార్జినులో, ఆకుపచ్చ సిరాతో, నా అందమైన దస్తూరీలో "చర్చించండి" అని ఉంది. కింద పొట్టి సంతకం, తేదీ.

ఇద్దరం దాన్ని చూశాం.

నస్రీన్ సంచిలోంచి ఆ పేజీదే ఇంకో కాపీ తీసి, మొదటిదాని మీద పెట్టింది.

"ఎక్కువ వేయించాను సార్. మీకు అలవాటైపోయిందని తెలుసు. తొందరేం లేదు, నిదానంగా రాయండి."

ఈ మూడు నెలల్లో నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే సంజాయిషీ అడిగేవాణ్ణి. ఆ మాటకు మాత్రం నా దగ్గర ఏ నిబంధనా లేదు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, బడిపిల్లాడిలా, పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. ఆమె పేజీ తీసుకుని, సిరా ఆరిందో లేదో వేలితో చూసుకుని, బస్సుకు పరుగెత్తింది.

సెప్టెంబరులో వైవా జరిగింది. పెద్దవారు, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు, థీసిస్‌ను ఆకాశానికెత్తేశారు. మందు వేసిన వేళ, వేడి, తేదీ ఒక్కచోట కూడా తేడా రాలేదని, పేజీ పేజీలోనూ గైడు గారి పర్యవేక్షణ కనిపిస్తోందని, ఈ రోజుల్లో ఇలాంటి గురువు అరుదని అన్నారు. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ముందు వరుసలో కూర్చున్న నస్రీన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నేను చేతులు జోడించి, తల వంచి, కప్పించుకున్నాను.

కిందికి దిగేసరికి అప్పలస్వామి కవరు పట్టుకుని ఉన్నాడు. థీసిస్‌లోని తేదీలను ఉత్తర్వు తేదీతో పోల్చి చూసిన దక్షిణామూర్తి గారి ఛార్జి మెమో. అనుమతి లేకుండా కణాలను గుండె హోదాలో చేర్చిన పని ఆద్యంతం తమ పర్యవేక్షణలోనే జరిగిందని తామే ధ్రువీకరించినందున, తమను అధ్యక్ష పదవి నుంచి ఎందుకు తొలగించరాదో తెలపవలసినదని అందులో ఉంది. తప్పించుకోవడం సులువే. ఆ వాక్యం అబద్ధం, నా పర్యవేక్షణలో జరిగి ఉంటే అసలు గుండెలే కొట్టుకునేవి కావు అని నిజం రాస్తే చాలు. కాకపోతే అప్పుడు ఆ అమ్మాయి డిగ్రీ పోతుంది.

శాలువా భుజం మీద అలాగే ఉంచుకుని, అప్పలస్వామి వీపు మీద కాగితం పెట్టి జవాబు రాశాను. అవునండీ, అంతా నా పర్యవేక్షణలోనే జరిగింది. జీవితంలో నేను ఉపమానం లేకుండా ఒక్క ముక్కలో రాసిన మొదటి జవాబు అది, అందులో ఒక్క అక్షరం నిజం లేదు.